అంటించు అనే మాటకు అర్థం

ఠాణాలో ఆ ఇనప కుర్చీలో కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకునేదాకా రాజగోపాల్‌కు అది మామూలు డ్యూటీయే. ఒక పాటలోని తెలుగు చరణాన్ని హిందీలోకి మార్చి ఇవ్వడానికి మనిషి కావాలని పోలీసుల నుంచి ఆఫీసుకు ఉత్తరం వచ్చింది. కేంద్ర ప్రభుత్వంలో ముప్పై ఏళ్లుగా అనువాదాలు చేస్తున్నవాడు కనక పై అధికారి అతన్నే పంపాడు. ల్యాప్‌టాప్ మీద పాట మొదలైంది. ముఖానికి నల్లగుడ్డ కట్టుకుని, 'మసి' అని పేరు పెట్టుకుని పాడుతున్న ఆ అమ్మాయి, నాలుగు రోజులుగా ఇంటికి రాని తన కూతురు భవ్యశ్రీ అని మొదటి మాటకే తెలిసిపోయింది. పోయిన వారం మనం అతన్ని వదిలింది అక్కడే, ఊపిరి తీసుకోవడం మరిచిపోయిన చోట.

పాట ఆగింది. రాజగోపాల్ ఇయర్‌ఫోన్లు తియ్యలేదు. తీస్తే ఏదో ఒకటి మాట్లాడాలి.

"ఇంకోసారి వింటారా, రావ్ సాబ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ త్యాగి హిందీలో. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. వచ్చినప్పటి నుంచీ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. పక్క బల్ల దగ్గర ఒక కానిస్టేబుల్ కంప్యూటర్ ముందు వేళ్లు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ... ఇంకోసారి వినాలి" అన్నాడు రాజగోపాల్.

మళ్ళీ మొదలైంది. ఇటుక మీద సుత్తి పడుతున్న చప్పుడు, అదే తాళం. ముందు ఒక కుర్రాడు హిందీలో పాడాడు. ఆ తరువాత ఆమె అందుకుంది.

*ఏటి నీ పేరు? పైడమ్మ నా పేరు*
*ఏ కాయితం సూడు, నా పేరు కానరాదు*
*మీ మేడకి ఇటిక నా నెత్తి మోసింది*
*మీ నెక్కలో నా పేనం ఎటు పోయింది?*

రాజగోపాల్ కళ్ళు మూసుకున్నాడు. ఈ తెలుగు ఎక్కడిది దీనికి?

ఇంట్లో భవ్యశ్రీ తెలుగు మాట్లాడదు. "తిన్నావా?" అంటే "ఖా లియా పాపా" అంటుంది. "ఎప్పుడొస్తావు?" అంటే "లేట్ హోగా" అంటుంది. ఢిల్లీలో పుట్టిన పిల్లలందరూ అంతేనని అతను సర్దిచెప్పుకున్నాడు గానీ, అసలు కారణం అతనికి తెలుసు. దానికి పదకొండేళ్ళప్పుడు ఉగాది సభలో స్టేజీ ఎక్కి పద్యం చెప్పింది. వేసవి సెలవుల్లో నాయనమ్మ దగ్గర నేర్చుకొచ్చిన యాసలో, 'లేదు' అనాల్సిన చోట 'నేదు' అంది. ముందు వరసలో కూర్చున్న రాజగోపాల్, పక్కవాళ్ళు నవ్వుతున్నారని, అక్కడి నుంచే గట్టిగా "లేదు... లేదు అనాలి!" అని దిద్దాడు. సభంతా నవ్వింది. పిల్ల పద్యం పూర్తి చెయ్యకుండానే దిగిపోయింది. ఆ తరువాత పదమూడేళ్లలో దాని నోటి నుంచి అతను తెలుగు విన్నది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

విజయనగరం పక్క పల్లెలో తన తల్లి మాట్లాడిన భాష అది. ఢిల్లీ వచ్చిన కొత్తలో ఆఫీసులో ఎవరూ నవ్వకూడదని అతను పట్టుబట్టి నాలుక మీద నుంచి తుడిచేసుకున్న భాష. దాన్ని కూతురు కూలీల బస్తీకి వెళ్ళి, అటువైపు నుంచి వలస వచ్చి ఇటుకలు మోసే ఆడవాళ్ల దగ్గర కూర్చుని తిరిగి తెచ్చుకుంది. ఆదివారాలు అక్కడి పిల్లలకు లెక్కలు చెబుతానని వెళ్ళేది. లెక్కలు చెప్పి ఇది నేర్చుకుందన్నమాట.

భయం మధ్యలోంచి ఒక్క క్షణం గర్వంలాంటిది తోసుకొచ్చింది. వెంటనే సిగ్గేసింది.

"అసలు సంగతి ఇక్కడుంది" అని త్యాగి పాట ఆపి, ముందున్న కాగితం మీద వేలు పెట్టాడు. "బస్తీ కూల్చింది పదో తారీకున. ఒక ఆడమనిషి గోడ కింద పోయిందని ఈ పిల్లలు అంటారు. రికార్డులో అయితే ఎవరూ పోలేదు. సరే, అది నా పని కాదు. శనివారం ఈ పాట వచ్చింది. ఆదివారం ఆ స్థలంలో ఉన్న సైట్ ఆఫీసు తగలబడింది. కాపలావాడి చేతులు రెండూ కాలాయి. ఇప్పుడు ఈ రెండు లైన్లు వినండి."

*గోడ గోడకీ అంటించు, ఆపీసు తలుపుకి అంటించు*
*పడగొట్టినోడు సదివేదాకా పైడమ్మని అంటించు*

"ఫోన్‌లో అనువాదం యాప్ ఉంటుంది కదా, అందులో వేశాం. 'ఆఫీసు తలుపుకి నిప్పు పెట్టు' అని వచ్చింది. పాటలో చెప్పారు, మర్నాడు జరిగింది. కానీ యాప్ చెప్పిందని కోర్టులో పెట్టలేను. అందుకే మీరు."

రాజగోపాల్‌కు గుండె కొంచెం తేలికపడింది. ఆ ఠాణాలో అతనికి దొరికిన మొదటి ఊపిరి అది.

"యాప్ తప్పు చెప్పింది, ఇన్‌స్పెక్టర్ సాబ్. తెలుగులో ఈ మాటకు రెండర్థాలున్నాయి. దీపం అంటించడం ఉంది, కాగితం అంటించడమూ ఉంది. పోస్టర్ అంటించడం, స్టాంపు అంటించడం. ఇక్కడ అదే. చిప్‌కానా."

"మీకెలా తెలుసు?"

"తరువాతి లైన్‌లో ఉంది. 'పడగొట్టినవాడు చదివేదాకా' అంటోంది. నిప్పును ఎవరైనా చదువుతారా? చనిపోయిన మనిషి పేరు కాగితం మీద రాసి తలుపుకు అంటించమంటోంది. లెక్కలోకి రాలేదు కనక కనీసం గోడ మీదైనా ఉండాలని. ఇందులో వేరే అర్థానికి తావే లేదు."

ఇంకా చెప్పేవాడే. గొంతులో ఆత్రం ఎక్కువైందని అతనికే అనిపించి ఆగాడు. కానిస్టేబుల్ తలెత్తి చూశాడు. త్యాగి మాత్రం శాంతంగా తలూపి, "అచ్ఛా. అలాగే రాయండి" అని తెల్లకాగితాలు ముందుకు జరిపాడు.

రాజగోపాల్ రాశాడు. ముప్పై ఏళ్లలో ఎన్ని చట్టాలు, ఎన్ని నివేదికలు, ఎన్ని జీవోలు హిందీ చేశాడో లెక్కలేదు. ఏ మాటనూ ఇన్నిసార్లు సరిచూసుకోలేదు. లెక్కను 'నెక్క' అన్నచోట ఆగి 'గిన్‌తీ' అని రాశాడు. ప్రాణాన్ని 'పేనం' అన్నచోట 'జాన్' అని రాశాడు. అంటించు దగ్గర 'చిప్‌కావో' అని రాసి, కింద చిన్న అక్షరాల్లో వివరణ కూడా ఇచ్చాడు. అది అబద్ధం కాదు. దేవుడి ముందు నిలబెట్టి అడిగినా అదే చెబుతాడు. కూతురిని కాపాడే మాటా, నిజమైన మాటా ఒకటే కావడం కంటే తండ్రికి ఏం కావాలి?

ఆఖరి కాగితం అచ్చు వేసిన ఫారం. అనువాదకుడి పేరు, హోదా, చిరునామా. అడుగున ఒక వాక్యం: 'ఈ వ్యవహారానికి సంబంధించిన ఏ వ్యక్తితోనూ నాకు బంధుత్వం గానీ, స్వప్రయోజనం గానీ లేవని ధ్రువీకరిస్తున్నాను.'

పెన్ను అక్కడ ఆగిపోయింది.

సంతకం పెడితే? ఇప్పటికి గండం గడుస్తుంది. కానీ రేపో మాపో నల్లగుడ్డ వెనక ఎవరున్నారో బయటపడకపోదు. అప్పుడు ఎదటి లాయరు మొదట ఈ కాగితాన్నే పైకెత్తి చూపిస్తాడు. తండ్రి అబద్ధపు సంతకం పెట్టి కూతురి కోసం అర్థం మార్చాడంటాడు. ఈ నిజమైన అనువాదం చిత్తుకాగితమైపోతుంది. 'చిప్‌కావో' పోయి యాప్ చెప్పిన 'ఆగ్ లగావో' నిలుస్తుంది. కాపలావాడి చేతులు కాల్చిన నేరం కూతురి నెత్తిన పడుతుంది.

పెట్టకపోతే? ఎందుకు పెట్టలేదంటారు.

భార్య అనసూయ గుర్తొచ్చింది. నాలుగు రోజుల నుంచీ వైశాలి కాలనీలోని తమ ఫ్లాట్‌లో బాల్కనీ తలుపు దగ్గరే కూర్చుంటోంది. "లక్ష్మీ నగర్‌లో స్నేహితురాలు స్నిగ్ధ ఉండే పీజీ హాస్టల్లో ఉంటున్నానంది కదండీ, పరీక్షకి చదువుకుంటున్నారేమో" అని తనకు తానే చెప్పుకుంటోంది. ఫోన్ ఎందుకు ఆపేసి ఉందో మాత్రం అడగదు. పొద్దున అతను బయల్దేరుతుంటే, "ఠాణాకి వెళ్తున్నారు కదా, అలాగే ఎవరినైనా కనుక్కోకూడదూ, పిల్ల..." అని మధ్యలో ఆపేసింది.

"ఏమైంది, రావ్ సాబ్? పెన్ను రాయట్లేదా?"

రాజగోపాల్ తలెత్తాడు. ఈ మనిషి మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. ఇప్పటిదాకా ఒక్క మాట తూలలేదు. జరిగిందేదో చెప్పి, వేరే అనువాదకుడిని పిలవమంటే? నిజాయితీగా తప్పుకున్నాడని రాసుకుంటాడు. తెలుగు వచ్చిన ఏ మనిషైనా ఆ రెండో లైన్ విని అదే అర్థం చెబుతాడు. బయటివాడు చెబితే బలం కూడా. అవును, అదే దారి. ఆఫీసులో ఎన్నోసార్లు ఇలాంటి చోట్ల నిజం చెప్పి బయటపడ్డాడు. నిజం చెప్పినవాడికి ఎప్పుడూ అన్యాయం జరగలేదు, కనీసం ఆఫీసులో.

"నేను ఈ సంతకం పెట్టలేను, సార్."

"ఎందుకని?"

"వేరే అనువాదకుడిని పిలిపించండి. నేను రాసినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆయన కూడా ఇదే రాస్తాడు. కానీ నేను... ఆ అమ్మాయి నా కూతురు."

 కానిస్టేబుల్ వేళ్లు కీబోర్డు మీద కదిలాయి. ఎవరూ చెప్పకుండానే టైపు చేస్తున్నాడు.

త్యాగి ఆశ్చర్యపడలేదు. రాజగోపాల్ ముందుగా గమనించింది అదే. ఆ ముఖంలో ఏ మార్పూ లేదు. బల్ల సొరుగు తెరిచి ఒక ఫైలు తీసి, అందులోంచి ఒక కాగితం ఇటు తిప్పి పెట్టాడు. మూడు పేర్లు. రెండో పేరు భవ్యశ్రీ. పక్కన వైశాలి ఇంటి నంబరు, తండ్రి పేరు, తండ్రి ఆఫీసు.

"ఆ బస్తీలో పాఠాలు చెప్పిన అమ్మాయిలు ముగ్గురు. ముగ్గురిలో తెలుగు కుటుంబం ఒక్కటే. మాకు తెలుసు, రావ్ సాబ్. మీ ఆఫీసులో తెలుగువాళ్లు ఇద్దరున్నారు. ఉత్తరంలో మీ పేరే రాసి పంపమన్నాను. మీరు చూసుకోలేదా?"

అతను చూసుకోలేదు. పై అధికారి పొమ్మంటే వచ్చాడు.

"తెలిస్తే సరిపోదు కదా" అని త్యాగి అదే నెమ్మదితో చెప్పాడు. "ముఖానికి గుడ్డ ఉంది. పాట పెట్టిన అకౌంట్ ఎవరిదో తేలదు. పాటకు తాళం కట్టిన కుర్రాడు, సాకేత్, మొన్నటి నుంచి లోపలే ఉన్నాడు. ఎంత అడిగినా అమ్మాయి పేరు చెప్పడు. గట్టివాడు. ఆ గొంతు ఫలానా మనిషిదని చెప్పే నోరు మాకు ఒక్కటి కూడా దొరకలేదు. ఇప్పుడు కన్న తండ్రి చెప్పాడు."

కానిస్టేబుల్ టైపు చేయడం ఆపాడు. ప్రింటరు కాగితాన్ని లాక్కుంది.

"నేను... నేను అనువాదం గురించి చెప్పాను" అన్నాడు రాజగోపాల్.  "నిజాయితీ కోసం చెప్పాను సార్. దాన్ని మీరు..."

"నిజాయితీపరులని తెలిసే పిలిచాను. మీ అనువాదం ఫైల్లో పెడతాను, భయపడకండి. దాని విలువ ఎంతో కోర్టు చూసుకుంటుంది."

దాని విలువ ఇప్పుడు సున్న అని ఇద్దరికీ తెలుసు. తండ్రి చెప్పిన అర్థం ఎవరికి కావాలి? తండ్రి చెప్పిన పేరు మాత్రం అందరికీ కావాలి. మొన్న అరెస్టయిన ఆ కుర్రాడు, ఎవరి కొడుకో, దెబ్బలు తిన్నాడో ఏమో, రెండు రోజులు పళ్ళ బిగువున దాచిన పేరు. తనేమో ఫ్యాను కింద కూర్చుని, టీ తాగి, పది నిమిషాల్లో చెప్పేశాడు.

లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. 

"వినండి" అని త్యాగి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "నాకూ కూతురుంది. మేం వెళ్ళి పట్టుకొస్తే పరారీలో ఉందని రాయాలి. బెయిలు కష్టమవుతుంది. తండ్రి పిలిస్తే తనంతట తనే వచ్చిందని రాస్తే దారి వేరు. ఫోన్ చెయ్యండి. స్పీకర్లో పెట్టండి. హిందీలోనే మాట్లాడండి, తెలుగు వద్దు."

"దాని ఫోన్ నాలుగు రోజుల నుంచి ఆపేసి ఉంది."

"ఒకసారి చూడండి."

ఆపేసి ఉండాలని దేవుడికి మొక్కుకుంటూ రాజగోపాల్ నంబరు నొక్కాడు. నాలుగు రోజులుగా అనసూయా తనూ వంద సార్లు ఏ చప్పుడు కోసం ఎదురుచూశారో, ఆ చప్పుడు ఇప్పుడు వినిపించింది. ఫోన్ మోగుతోంది. రెండు సార్లు. మూడు సార్లు. ఎత్తకు తల్లీ, అనుకున్నాడు. ఎత్తకు.

ఎత్తింది.

"బేటా..." అని అతను మొదలుపెట్టాడు.

"నాన్నా!" అంది భవ్యశ్రీ. పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతోంది. "నువ్వు ఆ ఠాణా లోపలికి ఎందుకెళ్లినావు?"

తెలుగు. ఉగాది సభ తరువాత అతనితో ఆ పిల్ల ఇంత పొడుగు వాక్యం తెలుగులో అనలేదు. త్యాగి కనుబొమలు ముడిపడ్డాయి. వేలు చూపించి, పెదాలతో 'హిందీ' అన్నాడు.

"బేటా, హిందీ మే బోలో."

"ఇప్పుడెందుకు నాన్నా హిందీ? వింటావా లేదా? నువ్వు గేటు దాటి లోపలికి పోతంటే చూసి ఫోన్ ఆన్ చేశాను. సాకేత్ కోసం వచ్చినావా? అమ్మ పంపిందా? సాకేత్‌ని చూద్దామని నేనూ ఎదురుగానే ఉన్నాను. పైడమ్మ కూతురు నా పక్కనే ఉంది. ఆదివారం ఆ ఆపీసుకి నిప్పెట్టినోళ్ళని అది కళ్ళారా చూసింది నాన్నా! ఆళ్లు బస్తీవోళ్లు కారు. జీపులో వచ్చినారంట. ఆ జీపు నంబరు కూడా దీనికి తెలుసు. భయపడి ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. లాయరు దగ్గరికి తీసుకెళ్తున్నాను, అంతవరకూ ఎవులికీ తెలీకూడదు. నువ్వు బయటికి వచ్చేయ్."

 ఒక్క ముక్క కూడా త్యాగికి అర్థం కాలేదు. అవలేదు, దేవుడా, అవలేదు. 'పైడమ్మ', 'సాకేత్' అన్న పేర్లూ, 'జీపు', 'లాయరు' లాంటి మాటలూ తప్ప. ఏదో ఒకటి చెప్పాలి. ఇంట్లో లేదంటోందనో, లక్ష్మీ నగర్‌లో ఉందనో, సాయంత్రం వస్తానంటోందనో. జీవితంలో మొదటిసారి తప్పుడు అనువాదం చెయ్యడానికి అతను నోరు తెరిచాడు.

"లక్ష్మీ నగర్‌లో..." అన్నాడు.

అప్పుడే ఫోన్ స్పీకర్లోంచి గట్టిగా ఒక పాట వినిపించింది. మునిసిపాలిటీ చెత్తబండి మైకులో రోజూ వేసే పాట. అర క్షణం తేడాతో అదే పాట, అదే చరణం, త్యాగి వెనకనున్న కిటికీలోంచి లోపలికి వచ్చింది.

త్యాగి కదలకుండా విన్నాడు. ఫోన్ వైపు చూశాడు. తల తిప్పి కిటికీ వైపు చూశాడు. ఆ పాటకు అనువాదం అక్కరలేదు. అతను లేచి, బల్ల మీది టోపీ తీసుకుని, కానిస్టేబుల్‌కు తలుపు వైపు సైగ చేశాడు.

"నాన్నా? వింటన్నావా? మాట్లాడవేం?" అంటోంది భవ్యశ్రీ. ఆమె వెనక ఎవరో చిన్నపిల్ల గొంతు, "అక్కా, ఆళ్లు బయటికొస్తన్నారు" అంది.